పెంట చేన్లోనే ఉండాలంటే
గట్టు మండలం రైతన్నలారా, మన నడిగడ్డలో తొలకరి ముందు చెల్కల్లో పెంట తోలడం, గొర్ల మంద పెట్టించడం మామూలే. చిక్కల్లా కుప్పలు చిమ్మకుండా వారాల తరబడి వదిలేయడంతోనే. రోహిణిలో ఒక్క గట్టి వాన పడిందా, ఎర్రమట్టితో కలిసి పెంటనీళ్లు వాగులోకి, చెరువులోకి దిగుతాయి. ట్రాక్టరు పెంట ధర ఎంత పడుతోందో మీకు చెప్పనక్కర్లేదు, అదంతా నీళ్లపాలే!

తోలిన రోజే చిమ్మి, వాలుకు అడ్డంగా దున్ని మట్టిలో కలిపేయండి. వాగు పక్కన గడ్డి ఒడ్డు వదలండి. ఇంటి దిబ్బ బావికి దూరంగా ఉండాలి, చుట్టూ మట్టికట్ట వేయాలి.

అప్పటికే పెంట కొట్టుకుపోతుంటే? పెంటనీళ్లు పోయే గండికి మట్టి వేసి ఆపండి. ఆ నీళ్లు పశువులకు తాపొద్దు. పక్కనున్న తాగే బోరుకు నీటి పరీక్ష చేయించండి. పెంట నుంచి నీటిలోకి దిగే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిబిడ్డలకు ముప్పు. నీళ్లు కాచినా అది పోదు.