కంటినంటి యుండు అద్దములు



మంత్రాలయమున రాఘవేంద్రస్వామివారి దర్శనమునకు వచ్చువారు ముందుగా తుంగభద్రలో స్నానమాడుట కలదు. పట్టణములలో చదువుకొను మన మనుమలును మనుమరాండ్రును వత్తురు. వారిలో కొందఱి ముక్కుపై కళ్లద్దములు కానరావు. చూపు సరిగా నున్నదని మనము తలంతుము. కాని నల్లగ్రుడ్డుపైననే పలుచని అద్దమును వారు ధరించియుందురు. దీనినే కాంటాక్టు లెన్సు అందురు. ఏది కొనవలెనని పిల్లలడిగినచో చెప్పదగిన నాలుగు మాటలు మనవి చేసెదను.

నల్లగ్రుడ్డును కప్పియున్న స్వచ్ఛమైన పొరకు రక్తనాళములు లేవు. అది ప్రాణవాయువును ముఖ్యముగా బయటిగాలినుండియే గ్రహించును. కావున గాలిని పోనిచ్చు లెన్సు మేలు. 1888లో ఫిక్ అను నేత్రవైద్యుడు ప్రకటించిన గాజు లెన్సులు బరువైనవి. కొలది గంటలకంటె ధరింప శక్యము కాకుండెను. 1961లో చెకోస్లొవేకియాలో విఖ్తెర్లె అను రసాయనశాస్త్రజ్ఞుడు, పిల్లల యాటవస్తువుల ముక్కలతో తన యింటనే యంత్రము నమర్చి, నీటిని పీల్చుకొను మెత్తని లెన్సులను చేసెను.

నేడు గట్టివి, మెత్తనివి అని రెండు తెగలు కలవు. మెత్తనివి త్వరగా అలవాటగును. వీనిలో ఒక్కదినము ధరించి పారవేయునవి కొన్ని. పక్షమునకో మాసమునకో మార్చునవి కొన్ని. రెండవ రకమును ప్రతిదినము మందునీటితో శుద్ధిచేయవలెను. ఆ శ్రద్ధ లేనివారికి మొదటి రకమే క్షేమము. గట్టివి అలవాటగుటకు కొన్నిదినములు పట్టును. కాని ఆ స్వచ్ఛమైన పొర శంకువువలె ముందునకు సాగిన రోగులకు ఇవి స్పష్టమైన చూపునిచ్చును. ఆదోని ప్రత్తిమిల్లులవలె దూదిధూళి లేచుచోట పనిచేయువారికి మాత్రము కళ్లద్దములే ఉత్తమము.

ఏ రకము కొన్నను ఒక నియమము తప్పరాదు: లెన్సుకు నీరు తగులరాదు. నదిలోను, చెరువులోను, కొళాయినీటిలోను సైతము అకాంతమీబా అను సూక్ష్మజీవి యుండవచ్చును. అది లెన్సుక్రింద చేరి కంటిని పుండుచేసినచో చికిత్స నెలలతరబడి సాగును, చూపే పోవచ్చును. తీర్థము పాపమును హరించునని మన విశ్వాసము. లెన్సును శుద్ధిచేయునని ఏ శాస్త్రమును చెప్పలేదు. కావున స్నానమునకు ముందు చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకొని, లెన్సులు తీయవలెను. నిద్రించునపుడును అంతే.

కన్ను ఎఱ్ఱబడినను, నొచ్చినను, చూపు మసకబాఱినను వెంటనే లెన్సు తీసి, ఆ దినమే నేత్రవైద్యుని చూడవలెను. కంటిని కొలిపింపక అందముకొఱకు రంగులెన్సులు కొనరాదు. ఎన్ని లెన్సులున్నను కళ్లద్దముల జోడొకటి వెంట నుండవలెను.

ఈసారి మనుమడు నదికి బయలుదేఱునపుడు, కంట లెన్సులున్నవా యని ఒక్కమాట అడుగుడు.