పాత వైరు రిమోట్, కొత్త బోట్ స్టీరియో: ప్లగ్ పట్టింది కదా అని పెట్టేయకండి!

నేను ఉండేది అట్లాంటాలో. ఇక్కడ లేక్ లానియర్‌లో తిరగడానికి నేనూ మా బావా కలిసి ఒక సెకండ్ హ్యాండ్ పాంటూన్ బోట్ కొన్నాం. దాని పాత స్టీరియోకి రెండు వైరు రిమోట్లు ఉండేవి. ఒకటి స్టీరింగ్ దగ్గర, ఇంకోటి వెనక, నీళ్లలోకి దిగే నిచ్చెన దగ్గర. స్టీరియో పాడైతే కొత్తది పెట్టాం. "బ్లూటూత్ ఉందిగా బావా, ఇంక రిమోట్లెందుకు?" అన్నాను నేనే.

ఆ మాట ఎంత తప్పో ఒక ఆదివారం తెలిసింది. ఇంజిన్ ఆపేసి, పాటలు ఫుల్ సౌండ్‌లో పెట్టాం. మా అక్క కొడుకు నీళ్లలో ఉన్నాడు. వాడికి పిక్క పట్టేసింది. అరుస్తున్నాడు, మాకు వినపడట్లేదు. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి ఎలాగోలా నిచ్చెన పట్టుకున్నాడు. అలవాటుగా వెనక రిమోట్ మీద మ్యూట్ నొక్కాడంట. అది పనిచేస్తే కదా! ఫోనేమో బ్యాగులో ఉంది. "ఆ రిమోట్ బాగయ్యేదాకా బోట్ తియ్యొద్దు" అన్నారు బావ.

మర్నాడు నేను చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకండి. ముందు రిమోట్ ప్లగ్ కొత్త స్టీరియోకి సరిగ్గా పట్టింది. పెట్టేశాను. కాలిన వాసన! రిమోట్ పోయింది. ప్లగ్ ఆకారం ఒకటే అయినా, ఏ పిన్‌లో 12 వోల్టులు వస్తాయో ఒకటే కాదు.

సరే, పద్ధతి ఏంటంటే... ముందు బ్యాటరీ స్విచ్ ఆఫ్. పెట్రోల్ వాసన ఏమైనా ఉంటే అసలు పని మొదలుపెట్టొద్దు. రిమోట్‌ని విడిగా తీసి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, ఒక్కో బటన్ నొక్కండి. ఒక్కో బటన్‌కి ఒక్కో నంబర్ వస్తే అది రెసిస్టర్ రిమోట్. కారు స్టీరింగ్ బటన్లు కూడా చాలావాటిలో ఇలాగే పనిచేస్తాయి. కొత్త స్టీరియోకి స్టీరింగ్ రిమోట్ ఇన్‌పుట్ ఉంటే, బటన్లను నేర్చుకునే అడాప్టర్ మధ్యలో పెడితే చాలు. ప్లగ్‌కి చిలుము పడితే నంబర్లు మారిపోతాయి, వాల్యూమ్ నొక్కితే పాట మారుతుంది. అందుకే ముందు శుభ్రం చెయ్యండి.

అలా నంబర్లు రాకపోతే, లేదా రిమోట్‌కి స్క్రీన్ ఉంటే, అది డేటా రిమోట్ అయ్యుండొచ్చు. అప్పుడు వైర్లు కోసి కలపొద్దు. స్టీరియో కంపెనీ ఇచ్చిన లిస్టులో ఆ మోడల్ ఉందో లేదో చూడండి. కొత్తవాటిలో కొన్నిటికి ఎన్ఎమ్ఈఏ 2000 అనే నెట్‌వర్క్ వాడతారు. దానికి రెండు చివరలా 120 ఓమ్స్ టెర్మినేటర్లు ఉండాలి. పవర్ తీసేసి రెండు డేటా పిన్నుల మధ్య కొలిస్తే 60 దగ్గర రావాలి. 120 వస్తే ఒకటి లేదు, 40 వస్తే ఒకటి ఎక్కువుంది. ఇంకో మాట, కేబుల్ ఒకటే అయినా వేరే కంపెనీ రిమోట్ పనిచేస్తుందని గ్యారంటీ లేదు.

మా వెనక రిమోట్ రెసిస్టర్‌దే. అదృష్టం కొద్దీ స్టీరియోకి ఆ ఇన్‌పుట్ ఉంది. అడాప్టర్ పెట్టాం, తగరం పూత ఉన్న రాగి వైరే వాడాం, ఫ్యూజ్ వేశాం. ముందు రిమోట్ కొత్తది, నా జేబులోంచే!

నీళ్లలో దిగే ముందు మా వాడు ఇప్పుడు ఫస్ట్ చేసే పని, మ్యూట్ నొక్కి చూడటం. పనిచేస్తేనే దిగుతాడు. మీ బోట్‌లో ఏ రిమోట్ ఉందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి, బై!