ముందు పాదాల అనుమతి తీసుకోండి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనకు పండుగ రోజు. పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి వివరంగా చెప్పగలిగిన పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శి గారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. కలెక్టరాఫీసులో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. అందుచేత నాకు తగిలిన దెబ్బ గురించి, దాన్నుంచి నేర్చుకున్న దాని గురించి మాత్రమే మాట్లాడతాను. విషయం చిన్నదే. మనవళ్ళతో వినోద పార్కులకు వెళ్ళేటప్పుడు మన పాదాలను కాపాడుకోవడం.

నవ్వకండి. మన కాలంలో మన పిల్లల్ని తిరునాళ్ళకో, ఎగ్జిబిషనుకో తీసుకువెళ్ళేవాళ్ళం. ఇప్పుడు కాలం మారింది. 1996లో రామోజీ ఫిలిం సిటీ మొదలైంది. 2016లో హైదరాబాదుకు వండర్‌లా వచ్చింది. సెలవులొస్తే "తాతయ్యా, నువ్వు కూడా రావాలి" అంటారు. మనం కాదనలేం. అక్కడ పొద్దున పదింటికి లోపలికి అడుగుపెడితే సాయంత్రం దాకా కాళ్ళ మీదే ఉండాలి. ఇంట్లో రోజంతా కలిపి రెండు వేల అడుగులు వేయని మనిషి అక్కడ పది, పదిహేను వేల అడుగులు వేస్తాడు. ఆ తేడా పాదాలకు తెలుస్తుంది, మనకు తెలియదు.

2017 ఎండాకాలం సెలవుల్లో మా అమ్మాయి పిల్లలు వచ్చారు. అందరం కలిసి ఒక పార్కుకు వెళ్ళాం. దాని పేరు అనవసరం, తప్పు పార్కుది కాదు, మాది. ముందురోజు అల్లుడు గారు నాకు కొత్త తోలు బూట్లు కొన్నారు. పెట్టె విప్పి నేరుగా తొడుక్కుని బయల్దేరాను. మా ఆవిడ ఎప్పటిలాగే హవాయి చెప్పులు వేసుకుంది. ఆమెకు అప్పటికి పద్నాలుగేళ్ళుగా షుగరు ఉంది.

పదకొండు గంటలకల్లా నా మడమ కొరకడం మొదలైంది. మనవడు చెయ్యి పట్టుకు లాగుతున్నాడు. నొప్పి అంటే వాడి సరదా పాడవుతుందని నోరు మెదపలేదు. పైగా అల్లుడు గారు ముచ్చటపడి కొన్న బూట్లాయె. సాయంత్రం దాకా కుంటుతూనే నవ్వుతూ తిరిగాను. మా ఆవిడ మాత్రం చక్కగా నడిచింది. నాకంటే ఆవిడే నయమనుకున్నాను.

రాత్రి ఇంటికొచ్చాక నేల మీద రక్తపు మరకలు కనబడ్డాయి. నావేమోనని చూసుకున్నాను. కాదు. ఆమె కుడికాలి బొటనవేలి కింద బొబ్బ లేచి, చితికి, తోలు ఊడి వచ్చింది. "ఎందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను. ఆమె నా వంక వింతగా చూసి, "నాకు నొప్పే తెలియలేదండీ, ఏం చెప్పమంటారు?" అంది.

ఆ పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి వేలు తీసెయ్యాల్సి రావచ్చునని సర్జను గారు చెప్పిన రోజున నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. దేవుడి దయవల్ల, డాక్టర్ల చలవవల్ల వేలు దక్కింది. అప్పుడు డాక్టరు గారు చెప్పింది నేను మరచిపోలేదు. చాలా ఏళ్ళు షుగరున్న వాళ్ళకు పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. గాయమైనా నొప్పి కబురు పైకి రాదు. కింది ఉద్యోగి రిపోర్టు పంపలేదు గనుక అంతా సవ్యంగా ఉందని పై అధికారి అనుకున్నట్టే.

అంటే ఆ రోజు నేను నొప్పి ఉండీ దాచాను. ఆమెకు దాచడానికి కూడా నొప్పి లేదు. నేను మొదటి గంటలోనే "కాసేపు కూర్చుందాం" అని ఉంటే ఇద్దరం చెప్పులు విప్పేవాళ్ళం, ఆ బొబ్బ అక్కడే కంటబడేది. నా బింకం ఖరీదు ఆమె వేలు అయ్యేది. ఈ ఒక్కమాట చెప్పడానికే ఈ వేళ నిలబడ్డాను.

ఆ తరువాత పాదాల గురించి డాక్టరు గారిని అడిగి కొంత తెలుసుకున్నాను. వయసు పెరిగేకొద్దీ మడమ కింద ఉండే కొవ్వు మెత్త పలచబడుతుంది. అందుకే గట్టి నేల మీద మడమ నొప్పి. కీళ్ళను పట్టి ఉంచే బంధాలు సడలి పాదం కాస్త పొడవూ వెడల్పూ అవుతుంది. నేను నలభై ఏళ్ళుగా ఏడో నంబరు అడిగి కొంటున్నాను. పాత రిజిస్టరులో అంకెను కొత్త రిజిస్టరులోకి ఎక్కించినట్టే, ఎవరూ తనిఖీ చెయ్యలేదు. కొలిపిస్తే ఎనిమిది అని తేలింది!

కాబట్టి బూట్లు కొనేటప్పుడు ప్రతిసారీ నిలబడి రెండు పాదాలూ కొలిపించుకోండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పొడవాటి వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొన్న బూట్లను రెండు మూడు వారాలు ఇంట్లోనూ, వీధి చివరి దాకానూ వాడి చూడాలి. షుగరున్న వాళ్ళకు ఎం.సి.ఆర్. చెప్పులని మెత్తటి రబ్బరుతో చేసినవి దొరుకుతాయి. వెనక పట్టీ ఉన్నవే తీసుకోండి. వేళ్ళ మధ్య పట్టుకునే హవాయి చెప్పులు వారికి పనికిరావు. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు వంటివి లేవని చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రయాణానికి నెల ముందునుంచీ రోజూ నడవండి. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగగానే తగ్గిపోతుంటే అది ముసలితనమని సరిపెట్టుకోకండి. కాలికి రక్తం సరిగా అందకపోవడం కావచ్చు, డాక్టరుకు చూపించండి. బి.పి.కి వాడే అమ్లోడిపిన్ వంటి మాత్రలతో కొందరికి చీలమండలు వాస్తాయి. అలాగని మీరే మాత్ర మానెయ్యకండి, డాక్టరును అడగండి.

ఇక 2023 సంగతి. మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు. ఆ జూన్ నెలలో మమ్మల్ని ఫ్లోరిడాలో ఆర్లండో దగ్గరున్న డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళతానన్నాడు. మన సభ్యుల్లో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివస్తున్నారు గనుక ఇది మీకూ పనికొస్తుంది. 1971లో తెరిచిన ఆ చోటు ఒక్క పార్కు కాదు, నాలుగు పెద్ద పార్కులు. ఎప్‌కాట్ అనే పార్కులో చెరువు చుట్టూ పదకొండు దేశాల పేర్లతో భవనాలు కట్టారు. ఆ చుట్టు ఒక్కటే దాదాపు రెండు కిలోమీటర్లు.

ఈసారి మేము డాక్టరును అడిగే వెళ్ళాం. ఒకసారి పుండు పడిన పాదానికి మళ్ళీ పడే ప్రమాదం ఎక్కువనీ, దూరం నడవొద్దనీ, చక్రాల కుర్చీ తీసుకోమనీ చెప్పారు. అక్కడ గేటు దగ్గరే అద్దెకిస్తారు. అబ్బాయి కుర్చీ తేగానే మా ఆవిడ మొహం మాడ్చుకుంది. "నేను నడవలేనిదాన్నా? మనవాళ్ళెవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంది. ఆమెను అనడానికి నాకు నోరు లేదు, 2017లో నేను చేసింది అదే కదా! ఏమీ అనకుండా నేనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. మనవరాలు నన్ను కొంతదూరం తోసింది. "చాల్లెండి, లేవండి, పిల్ల అలిసిపోతుంది" అంటూ ఆమె వచ్చి కూర్చుంది. ఆ తరువాత వంతులవారీగా వాడుకున్నాం. మనవరాలికైతే తన సంచీ పెట్టుకోవడానికి చోటు దొరికిందని సంతోషం. ఎవరూ ఏమీ అనుకోలేదు. చుట్టూ చూస్తే మా వయసువాళ్ళు ఎంతోమంది కుర్చీల్లోనే తిరుగుతున్నారు.

అక్కడ మేము పాటించినవి చెబుతాను. మన ఊరి పార్కుకైనా ఇవే పనికొస్తాయి.

గేటు తెరిచే వేళకు వెళ్ళి, ఎండ ముదిరేలోపు నడక ఎక్కువున్నవి చూశాం. మధ్యాహ్నం కూర్చుని చూసేవాటికి వెళ్ళాం. అక్కడ ఒక నాటకశాల ఉంది. ప్రేక్షకులు కూర్చున్న భాగమే వేదిక చుట్టూ తిరుగుతుంది. ఇరవై నిమిషాలు చల్లగా కూర్చున్నాం. పడవలో కూర్చోబెట్టి గాజు ఇళ్ళలో పెంచే కూరగాయల తోటలు చూపించేది మా ఆవిడకు అన్నిటికంటే నచ్చింది.

గంటకు పది నిమిషాలు కూర్చోవాలని నియమం పెట్టుకున్నాం. అలసట వచ్చాక కాదు, రాకముందే. నడవడం కంటే ఒకేచోట నిలబడటం కాళ్ళకు చేటు. నడిస్తే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకుండా నిలబడితే ఆ రక్తం కిందనే నిలిచి కాళ్ళు బరువెక్కుతాయి. ట్రెజరీ ముందు, బ్యాంకు ముందు నిలబడిన మనకిది అనుభవమే. క్యూలో ఉన్నప్పుడు దేన్నైనా పట్టుకుని మడమలు పైకెత్తి దించుతూ ఉండండి, బరువు ఒక కాలి మీదనుంచి రెండో కాలి మీదికి మార్చుకోండి.

ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది. తడిసిన మేజోళ్ళే బొబ్బలకు మూలం. నూలు మేజోళ్ళు తడి పట్టుకుంటే వదలవు, తడిని బయటికి పంపే రకం నయం. ఒక జత ప్లాస్టిక్ సంచీలో వేరే పెట్టుకోండి. మధ్యాహ్నం మేజోళ్ళు మార్చేటప్పుడే పాదాలు చూసుకోండి. ఎక్కడైనా ఎర్రబడితే అప్పుడే పట్టీ వెయ్యండి. బొబ్బ లేస్తే చిదపకండి. షుగరున్న వారికి లేస్తే ఆ రోజు నడక అంతటితో సరి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. జేబులో పంచదార బిళ్ళలో, బిస్కట్లో తప్పక ఉండాలి. ఎక్కువ నడిస్తే షుగరు పడిపోవచ్చు.

రాత్రి బసకు చేరాక పాదాలు కడిగి, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడుచుకుని, దిండు మీద కాళ్ళు ఎత్తిపెట్టి పడుకోండి. స్పర్శ తగ్గినవారు వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు, కాలినా తెలియదు. ఆనెకాయలను బ్లేడుతో కొయ్యకూడదు. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకుని చూడండి. విమానంలో కూడా మధ్య మధ్య లేచి నడవండి. దూర ప్రయాణం తరువాత ఒక్క కాలే వాచి నొప్పి పెడితే తెల్లవారే దాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మా ఆవిడ ఆ నాలుగు రోజులూ ప్రతి రాత్రీ నా చేత అరికాళ్ళు చూపించుకుంది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె పాదాలను అంత శ్రద్ధగా చూసింది అప్పుడే. ఇప్పుడు ఇంట్లోనూ అదే మా అలవాటు. రాత్రి వార్తలు అయ్యాక టార్చిలైటు పట్టుకుని నేను ఆమెవీ, ఆమె నావీ తనిఖీ చేస్తాం.

ఈ సభలో యాభై దాటిన కొడుకులూ కూతుళ్ళూ కూడా ఉన్నారు. మీ పాదాలు కూడా ఆ దారిలోనే వస్తున్నాయి. మరొక మనవి. పెద్దవాళ్ళను "నాన్నా, కాళ్ళు నొప్పా?" అని అడిగితే లేదనే అంటాం. అడగకుండా "కూర్చుందాం రండి" అని మీరే ముందు కూర్చోండి. మేమూ కూర్చుంటాం.

నా తోటివారికి చెప్పేది ఒక్కటే. సర్వీసులో ఏ పనికైనా పై వారి అనుమతి తీసుకున్నాం. ఇప్పుడు మనవాళ్ళతో బయల్దేరే ముందు కింద ఉన్న పాదాల అనుమతి తీసుకోండి. అవి అభ్యంతరం చెబితే ఆ కాగితాన్ని పక్కన పడెయ్యకండి. కూర్చోవడం చిన్నతనం కాదు.

ఇంతసేపు మీరంతా ఓపికగా, అదీ కూర్చునే విన్నారు. నేను మాత్రం అరగంటగా నిలబడి ఉన్నాను గనుక సెలవు తీసుకుంటున్నాను.