సముద్ర సంపద పంపకములో ప్రజల మాట
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

చెరువు నీటిని ఆయకట్టు రైతులు ఎట్లు పంచుకొందురో మీకు మేము చెప్పనక్కరలేదు. ఎగువ రైతు అందినంత నీరు పెట్టుకొన్నచో దిగువ పొలము ఎండిపోవును. అందువలననే నీటికి వంతులు ఏర్పడినవి. వంతు తప్పినవానిని నలుగురు అడుగు ఆచారము ఏర్పడినది. సముద్రమునకు గట్టు లేదు. అందులోని చేపకు ఊరు లేదు. తాను విడిచిన చేపను మరియొకడు పట్టుకొనునన్న భయముతో ప్రతివాడును అందినంత పట్టుచుండును. ఇట్టి సంపదను ఎవరు పంచవలెను? ఆ పంపకములో వల వేయువాని మాటకు చోటెంత? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో లభించిన సమాధానమును, దాని గుణదోషములతో సహా, మీ ముందుంచదలచితిమి.

1976వ సంవత్సరమున ఆ దేశములో ఒక చట్టము వచ్చెను. దానిని నేడు మాగ్నసన్–స్టీవెన్స్ చట్టమని పిలుచుచున్నారు. ఆ దేశమున సాధారణముగా తీరమునుండి 3 నాటికల్ మైళ్ళ వరకు రాష్ట్రములకు అధికారము కలదు. అక్కడినుండి 200 నాటికల్ మైళ్ళ వరకు గల సముద్రములో వేటను కేంద్రము చూచుకొనును. కాని రాజధానిలో కూర్చుండి అన్ని తీరములకు ఒకే నియమము వ్రాయుట తగదని తలచి, ఆ చట్టము ఎనిమిది ప్రాంతీయ మత్స్య నిర్వహణ మండలులను స్థాపించెను. వానిలో అధికారులతో పాటు వేటయందును, చేపల సంరక్షణయందును అనుభవము గలవారు సభ్యులుగా ఉందురు. రాష్ట్ర గవర్నర్లు పేర్లు పంపగా వాణిజ్య మంత్రి వారిని నియమించును. పసిఫిక్ మండలిలో ఒక స్థానము ఆదివాసులకు ప్రత్యేకింపబడినది.

ఈ మండలుల సమావేశములకు ముందుగా ప్రకటన చేయవలెను. కోర్టు వ్యవహారములు, ఉద్యోగుల విషయములు వంటి కొన్నింటికి తప్ప తలుపులు మూయరాదు. ఎవరైనను వచ్చి మాటాడవచ్చును. రాలేనివారు వ్రాసి పంపవచ్చును. మండలి ప్రణాళికను సిద్ధపరచి పంపిన పిదప, ప్రభుత్వము దానిని ప్రకటించి 60 దినములు ప్రజాభిప్రాయము కోరును. అటుపిమ్మట 30 దినములలో తన నిర్ణయమును తెలుపవలెను. త్రోసిపుచ్చినచో కారణము చెప్పవలెను. ఏదైన విషయములో సభ్యునకు స్వంత లాభము ఉన్నచో దానిని వెల్లడింపవలెను. ఆ లాభము పెద్దదైనచో ఓటు వేయరాదు.

దీనివలన గ్రామములకు ఒరిగినదేమి? అలాస్కా పశ్చిమ తీరమున బేరింగ్ సముద్రపు ఒడ్డున పేద పల్లెలు కలవు. వారి యెదుటనే పెద్ద ఓడలు పోలాక్ అను చేపను లక్షల టన్నులు పట్టుకొని పోవుచుండగా, ఆ పల్లెలకు ఏమియు దక్కెడిది కాదు. ఉత్తర పసిఫిక్ మండలి సిఫారసుపై 1992లో ఆ పోలాక్ వేటలో నూటికి ఏడున్నర వంతులు ఆ పల్లెలకు కేటాయింపబడెను. తరువాత అది పది వంతులైనది. నేడు 65 గ్రామములు ఆరు సంఘములుగా ఏర్పడి ఆ వాటాను అనుభవించుచున్నవి. సముద్రములో పల్లెకు హక్కు కలదని నోట పలుకుట వేరు, వాటాగా వ్రాయించుకొనుట వేరు.

అయితే ప్రజల మాట విన్నంత మాత్రమున మేలు జరుగునని తలంపరాదు. న్యూ ఇంగ్లండు తీరమున కాడ్ చేప వేట అనేక తరములుగా సాగినది. అచటి మండలి మొదట ఇంత బరువు మాత్రమే పట్టవలెనని పరిమితి పెట్టెను. వేటగాండ్రు దానిని తీవ్రముగా ఎదిరించిరి. 1982లో ఆ పరిమితి తొలగింపబడి, వల కన్ను ఎంత ఉండవలెను, చేప పొడవు ఎంత ఉండవలెను వంటి నియమములు మిగిలినవి. పడవలు పెరిగినవి, చేప తరిగినది. 1994లో జార్జెస్ బ్యాంకు అను ప్రసిద్ధ వేటస్థలములోని విశాల భాగములను మూసివేయవలసి వచ్చెను. సముద్రపు నీరు వెచ్చబడుటయు తోడై, కాడ్ నేటికిని కోలుకొనలేదు. ఆనాడు ఎదిరించినవారి బిడ్డలకే ఆ నష్టము తగిలినది.

ఈ అనుభవముతో 2006లో చట్టము సవరింపబడెను. ఏటా పట్టదగిన మొత్తము విషయములో, శాస్త్రజ్ఞుల సంఘము చెప్పిన హద్దును మండలి దాటరాదు. ఆ హద్దుకు లోబడి ఎవరు పట్టవలెను, ఎప్పుడు, ఏ వలతో అను విషయములపై ప్రజలు వాదింపవచ్చును. చెరువులో ఎంత నీరున్నదో ఓట్లతో తేల్చలేము గదా! ఉన్న నీటిని ఎట్లు పంచవలెనో మాత్రము నలుగురు కూడి తేల్చవలసినదే.

ఈ ఏర్పాటులో లోపములు లేకపోలేదు. పెద్ద కంపెనీ జీతమిచ్చి ప్రతినిధిని సమావేశమునకు పంపగలదు. చిన్న పడవవాడు వచ్చినచో ఆనాటి వేట పోవును. తలుపు తెరచి ఉంచినంతనే అందరును లోపలికి రాగలరని అనుకొనరాదు.

ఇక మన తీరమునకు వత్తము. మన దేశమున 12 నాటికల్ మైళ్ళ వరకు వేటపై అధికారము రాష్ట్రములది. ఆంధ్ర ప్రదేశమున 1994 నాటి సముద్ర వేట నియంత్రణ చట్టము అమలులో నున్నది. తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మర పడవల వేట నిషిద్ధము. ఈ నియమము ఏల పెట్టిరో, కష్టమెవరికి కలుగునో, భృతి జాబితాలో ఎవరి పేరు తప్పినదో ముందుగా తెలియునది పంచాయతీ సభ్యునికే. కనుక మీ గ్రామసభ ఈ విషయములను చర్చించునపుడు కొన్నింటిని పాటింపుడని కోరుచున్నాము. నిర్ణయము జరిగిన పిదప గాక ముందే సభ జరుపుడు. పడవలు ఒడ్డున నున్న వేళ చూచి చాటింపు వేయింపుడు. చేపలు ఎండబెట్టి, తట్ట నెత్తికెత్తుకొని అమ్ము స్త్రీలను కూడ పిలిచి మాటాడింపుడు. చెప్పినవారి మాటను తీర్మానముల పుస్తకములో వ్రాయించి పై అధికారులకు పంపుడు. సమాధానము వచ్చువరకు అడుగుడు. శాస్త్రజ్ఞుడు చేప తరుగుచున్నదని చెప్పినపుడు, చేదైనను ఆ మాటను ఊరివారికి దాచక చెప్పుడు.

సముద్రము లేని ఊళ్ళవారును ఇది మాకేల అనుకొనవలదు. చెరువులో చేపల పాట, బంజరులో మేత, వాగులో ఇసుక – ఇవన్నియు అందరి సొత్తులే. వానిని పంచునపుడు అడుగవలసినవారిని ముందుగా అడుగుట, హద్దును మీరకుండుట పంచాయతీ ధర్మము. ఆ ధర్మమును మీరు నిలుపుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాము.