గీటుకు ఆనించి కత్తిరించడం



నిరుడు పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులకు పాత ఫోటోలు స్కాన్ చేసి, కంప్యూటర్‌లో మేమే కత్తిరించాం. అంతా కంటి అంచనాయే. అంచున తెల్లటి చార ఉందని మూడు తిరిగొచ్చాయి. ఒక అమ్మాయిది గడువులోగా మళ్ళీ పంపలేకపోయాం. తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం.

వెనకటి కాతిబులు దారాలు బిగించిన మిస్తర్ మీద కాగితం ఒత్తి, ఆ గీట్ల వెంబడే రాసేవారు. గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ అలాంటి గీటుంది, గైడ్ అంటారు. రూలర్ మీంచి చేత్తో లాగితే ఒకటి రెండు పిక్సెళ్ళు అటూ ఇటూ అవుతుంది. ఇమేజ్ మెనూలో గైడ్స్, న్యూ గైడ్ నొక్కి అంకె వేయడమే మేలు. 35 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు ఫోటోకు, అంగుళానికి 300 చొప్పున, నిలువు గీట్ల నడుమ 413, అడ్డగీట్ల నడుమ 531 పిక్సెళ్ళు రావాలి.

వ్యూ మెనూలో స్నాప్ టు గైడ్స్‌కు టిక్కు పెట్టండి. సెలెక్షన్ అంచు దగ్గరికి రాగానే గీటుకు తానే అతుక్కుంటుంది. ఫెదర్ మాత్రం తీసేయాలి, లేకుంటే అంచు మసకబారుతుంది. (మేం మరిచేది ఇదే!)

ఈ ఏడు ఆ అమ్మాయి ఫోటోయే ముందు చేశాం.