జవాబు రాని ప్రశ్నను ఏమి చేయాలి?
(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. తెలుగులో మాట్లాడేటప్పుడు అక్కడక్కడ తప్పులు దొర్లుతాయి. పెద్దలు మన్నించవలెను.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. నిజమే. కాని అడిగిన తరువాత కూడా జవాబు రాకపోతే ఏమి చేయాలో ఆ సామెత చెప్పదు. ఆ సంగతే ఈ రోజు నాలుగు మాటలు విన్నవించుకుంటాము.

కొంతకాలం కిందట మిర్యాలగూడ నుండి ఒక తల్లి మా దగ్గరికి వచ్చింది. ఆమె కొడుకు డిగ్రీ పూర్తి చేసినాడు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీవారు సర్టిఫికెట్లు ఆపినారు. "మాస్టర్ సాబ్, మూడుసార్లు అర్జీ పెట్టినం. ఒక్క జవాబు లేదు. మీరు రాస్తే వింటరు" అన్నది. మేము వెంటనే నాలుగో అర్జీ రాసి ఇచ్చినాము. దానిలో కోపం ఎక్కువ, సంగతి తక్కువ. "మళ్ళీ కనుక్కుంటాము, అమ్మా" అని కూడా చెప్పినాము. పరీక్షల పనిలో పడి మరచిపోయినాము.

రెండు నెలల తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. అప్పుడు పాత అర్జీల నకళ్ళు తెప్పించి చూసినాము. నాలుగింటిలోను ఒకటే మాట: "మా అబ్బాయి డబ్బులు రాలేదు, దయచూపండి." దరఖాస్తు నంబరు లేదు. ఏ సంవత్సరం ఫీజో లేదు. కాలేజీ పేరు కూడా లేదు. అది మొర గాని, ప్రశ్న కాదు. దానికి ఎవరు ఏమని జవాబు రాస్తారు?

ఈసారి కుర్రవాని చేతనే సమాచార హక్కు దరఖాస్తు రాయించినాము. నా దరఖాస్తు నంబరు ఇది. ఇది ఏ తేదీన ఏ కార్యాలయానికి చేరినది? ఇప్పుడు ఎక్కడ ఉన్నది? ఏమి లోపమున్నది? అంతే. నెల తిరగకముందే జవాబు వచ్చింది. ఆధార్ వేలిముద్ర ధ్రువీకరణ పూర్తి కాలేదట! మీసేవలో అరగంట పని. కాని అప్పటికి పై చదువు ప్రవేశాలు ముగిసినవి. ఆ పిల్లవాడు ఆ సంవత్సరం ఒక రైసుమిల్లులో లెక్కలు రాసినాడు. ఆ సంవత్సరం పోవడంలో మా మరపుకు కూడా వాటా ఉన్నది. అందుకే ఈ మాటలు.

మొదటిది: జవాబు రాకపోతే ముందు మన ప్రశ్ననే మళ్ళీ చదువుకోవాలి. నంబరు, తేదీ, ఊరు ఉన్నవా? ఒక కాగితంలో ఒక సంగతే ఉన్నదా?

రెండవది: సరైన వాకిటనే తట్టినామా? 2016 అక్టోబరు 11న సూర్యాపేట వేరు జిల్లా అయినది. కోదాడ అందులోనికి వెళ్ళినది. మిర్యాలగూడ మాత్రము నల్లగొండ జిల్లాలోనే ఉన్నది. మన బంధుత్వాలు మూడు ఊళ్ళలో కలిసి ఉన్నవి గనుక, ఒకరి అర్జీ చూసి మరొకరు అదే చిరునామా రాస్తున్నారు. అలాగే 2022-23 నుండి కేంద్ర ప్రభుత్వము ప్రీ-మెట్రిక్ మైనారిటీ స్కాలర్‌షిప్‌ను 9, 10 తరగతులకే పరిమితం చేసినది. తెలియక అయిదవ తరగతి పిల్లలకు రాలేదని బడి చుట్టూ తిరిగిన తల్లిదండ్రులు ఉన్నారు.

మూడవది: ఓపికకు కూడా ఒక గడువు పెట్టుకోవాలి. అర్జీ ఇచ్చిన రోజే రసీదు తీసుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారం 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ మౌనాన్ని నిరాకరణగానే చట్టము లెక్కిస్తుంది. అప్పుడు 30 రోజులలోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజులలోపు సమాచార కమిషనుకు రెండవ అప్పీలు చేసుకోవచ్చును. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, ఆ పై కార్యాలయాలలో 10 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అసలే లేదు. 2017లో తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష అయినది గనుక, తెలుగు రాయలేని మన పెద్దలు ఉర్దూలో కూడా అడగవచ్చును. అయితే ఒక్క మాట. ఈ చట్టము డబ్బు ఇప్పించదు. కాగితము ఎక్కడ ఆగినదో చెప్పిస్తుంది. దారి తెలిస్తే నడక మనది.

నాలుగవది: మళ్ళీ అడిగేటప్పుడు మర్యాద తప్పరాదు. బల్ల ముందు అరిస్తే ఆ గుమాస్తా మన ముఖము గుర్తుంచుకుంటాడు గాని మన పని గుర్తుంచుకోడు. ఒకే అర్జీ ఒకే రోజు పదిచోట్ల పడవేస్తే, ప్రతివారు పక్కవారు చూస్తారులే అనుకుంటారు. పాత అర్జీ తేదీ, రసీదు నంబరు రాసి, నెమ్మదిగా గుర్తుచేయాలి.

అయిదవది మన వంటి అడిగించుకునేవారికి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. ఇమాం మాలిక్ అంతటివారు, రహమతుల్లా అలైహి, ఎన్నో ప్రశ్నలకు "నాకు తెలియదు" అన్నారని గ్రంథాలు చెబుతున్నవి. మనకు సిగ్గెందుకు? "చూస్తాము" అని పంపి మరచిపోవడం కంటె "తెలియదు, ఫలానా వారిని అడగండి" అనడం ఎంతో మేలు. పాఠశాలలో కూడా అంతే. పిల్లవాడు అడిగినదానికి రేపు చెబుతామంటే రేపు చెప్పవలెను. రెండుసార్లు జవాబు దొరకని పిల్లవాడు మూడోసారి చెయ్యి ఎత్తడు.

చివరిది: జవాబు దొరికినాక దానిని జేబులో పెట్టుకుని పోరాదు. మీ అర్జీ ఎట్లా తీరినదో సంఘానికి చెప్పండి. మూడు ఊళ్ళలోను ఒక్కొక్క నోటుబుక్కు పెట్టుదాము. అడిగినవారి ప్రశ్న, తేదీ, వచ్చిన జవాబు అందులో రాయుదాము. జవాబు రానివాటిని ప్రతి నెలా సమావేశంలో చదువుదాము. ఒకరికి దొరికిన జవాబు పదిమందికి తిరుగుడు తప్పిస్తుంది.

సూర్యాపేట పుస్తకము రాసే పని మేము తీసుకుంటున్నాము. మొదటి పేజీలో, ఆలస్యంగా వచ్చిన జవాబుతో సహా, ఆ మిర్యాలగూడ తల్లి ప్రశ్ననే రాస్తాము. మళ్ళీ మరవకుండా.

ఖుదా హాఫిజ్.