పిల్లలతో కాశీయాత్ర: అటక మీంచి పెట్టె దించకముందు

సెలవులు దగ్గరపడ్డాయి, ఈ ఊళ్లో ఎవర్ని కదిపినా కాశీ, ప్రయాగ, గయ అంటున్నారు. తాతయ్యలు, నానమ్మలు, వాళ్ల వెంట చంటిపిల్లలు. రెండు మూడు వారాలు ఇల్లు తాళం. ఎన్ని గౌన్లు సర్దాలో, పులిహోరలో చింతపండు ఎంత వెయ్యాలో నాకంటే మీకే బాగా తెలుసు. నేను పిల్లల డాక్టర్ని గనక, బయల్దేరడానికి నెల ముందు మొదలుపెట్టాల్సిన పనులే చెబుతాను.

ముందు టీకాల కార్డు వెతికి తియ్యండి. 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి తట్టు టీకా పడాలి. ఆ రెండోదే ఎక్కువగా తప్పిపోతుంది. జలుబుగా ఉంది, వచ్చేవారం చూద్దాం అనుకుంటాం, అంతే సంగతులు. సత్రాల్లో, క్యూల్లో తట్టు ఇట్టే అంటుకుంటుంది. టీకా వేయించగానే రక్షణ రాదు, రెండు వారాలైనా పడుతుంది. డీపీటీ బూస్టరు బాకీ ఉంటే అదీ ఇప్పుడే వేయించండి. ఒకటి రెండు రోజులు జ్వరం, సూది పడ్డచోట నొప్పి మామూలే. రైలెక్కే ముందురోజు వేయిస్తే ఆ ఏడుపంతా బోగీ వినాలి.

రెండోది విరేచనాలు. దీని దగ్గర కాస్త ఆగుతాను. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షల కుటుంబాలు పిల్లాపాపలతో సరిహద్దు దాటి వచ్చాయి. సరిహద్దు దగ్గరి బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. అక్కడ నూటికి 30 దాకా ఉన్న చావులు 4 లోపుకి దిగాయి. ఈరోజు మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం మీద నమ్మకం కుదిరింది ఆ శిబిరంలోనే.

ఆ పొట్లాలు ఓ నాలుగైనా చేతిసంచిలో పెట్టుకోండి, బెర్తు కింద పెట్టెలో కాదు. పెద్ద పొట్లం మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. గ్లాసులో చెంచాడు పొడి వేసి ఇస్తే కొలత తప్పుతుంది. స్టేషన్లో కొన్న లీటరు సీసా కొలతకు సరిపోతుంది. 24 గంటలు దాటితే పారబొయ్యండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో మెల్లగా పట్టండి. డాక్టరు రాసిన జింకు మందు విరేచనాలు తగ్గినా 14 రోజులు వెయ్యాలి. కళ్లు లోతుకుపోయినా, మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా వాలిపోతున్నా ఏ ఊరైతే ఆ ఊళ్లో దిగిపోండి. దర్శనం ఎక్కడికీ పోదు.

కొనేటప్పుడు పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ అని పేరు తగిలించి చక్కెర పానీయాలు అమ్మేవాళ్లు. మన హైదరాబాదు డాక్టరమ్మ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

పారాసిటమాల్ ఇక్కడినుంచే తీసుకెళ్లండి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ ఉంది, 250 ఉండేదీ ఉంది. ఇంటి దగ్గర మొదటిది వాడిన అమ్మ, అక్కడి షాపువాడు రెండోది ఇస్తే అలవాటుగా అదే మూత నింపుతుంది. రెట్టింపు పడిపోతుంది. వెళ్లేముందు బిడ్డను తూకం వేయించి, ఎన్ని మి.లీ. వెయ్యాలో మీ డాక్టరు చేత సీసా మీదే రాయించండి.

దారిలో నిద్రపోవాలని జలుబు సిరప్ పట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అలాంటి మిశ్రమం ఒకదాన్ని 4 ఏళ్లలోపు పిల్లలకు వాడరాదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులే చెప్పారు. నిద్ర కావాలంటే బెర్తు కొనండి. 5 ఏళ్లలోపు వాళ్లకు బెర్తు అడక్కపోతే టికెట్టు లేదు, అడిగితే పూర్తి చార్జీ. నాలుగేళ్ల వాడిని పక్కన ఇరికించుకుని ఒక రాత్రంతా కూర్చున్న తల్లికి మర్నాడు ఘాట్ మెట్లమీద వాడి వెంట పరిగెత్తే ఓపిక ఉండదు. ఆ డబ్బు నా లెక్కలో దండగ కాదు.

మీలో ఒకరి దగ్గర్నుంచి ఒక చీటీ వచ్చింది. మూడు నెలల పాపకు ఎండల్లో నీళ్లు పట్టమని అత్తగారు అంటున్నారట. వద్దమ్మా. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, ఎంత ఎండైనా సరే. మామూలుకంటే ఎక్కువసార్లు పాలివ్వండి. నీళ్లు తాగాల్సింది మీరు. అత్తగారూ, ఆ నీళ్ల సీసా కోడలికి అందించే పని మీరు తీసుకోండి.